ఓ వర్గం, స్థానికులు, సమాచారం: ఒక జిల్లా డెస్క్ కేస్ స్టడీ

పత్రికల డెస్కులకు శిక్షణ ఇవ్వడం నా పని. అంతకుముందు చాలాకాలం సబ్ ఎడిటర్‌గా చేశాను. ఆంధ్రప్రదేశ్‌లో ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌తో చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఊరు, పత్రిక, మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. ఉదాహరణకు తీసుకున్న వార్త కూడా రెండు మూడు కాపీలు కలిపి అల్లినది. అందులోని పదజాలం మాత్రం మన జిల్లా పేజీలు రోజూ చూసేదే.

నేపథ్యం

ఎడిషన్ చిన్నది. జిల్లా కేంద్రంలో డెస్క్, మండలాల్లో కంట్రిబ్యూటర్లు. కంట్రిబ్యూటర్లకు జీతాలుండవు. లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చేది పెట్రోలుకే చాలదు. యాడ్స్ మీద వచ్చే కమీషనే వాళ్ల బతుకుతెరువు. దసరాకీ, సంక్రాంతికీ, ఎమ్మెల్యే పుట్టినరోజుకీ యాడ్ ఇచ్చేది బజారులో షాపులున్నవాళ్లు. తోపుడు బండి పెట్టుకున్నవాడు యాడ్ ఇవ్వడు. ఒక వార్త ఎవరి వైపు నుంచి మొదలవుతుందో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

ఆ పట్టణంలో ముస్లింలు గణనీయంగానే ఉన్నారు. పండ్ల బండ్లు, మెకానిక్ షెడ్లు, టైలరింగు, మటన్ దుకాణాలు, కొందరు టీచర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు. చాలా ఇళ్లలో ఉర్దూ. దూదేకుల కుటుంబాల్లో మాత్రం తరతరాలుగా తెలుగే. పీర్ల పండక్కి ఊరంతా కదులుతుంది. ఈ మాట డెస్క్‌లో ప్రతివాళ్లూ నాకు చెప్పారు, అదీ నేను అడగకుండానే.

2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, ఈ ఎడిషన్ కూడా అందరిలాగే ఢిల్లీ మర్కజ్ (తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మతప్రచార సంస్థ కేంద్రం) వార్తలు రాసింది. అక్కడి సమావేశానికి వెళ్లినవాళ్లలో చాలామందికి కరోనా సోకింది. కేంద్ర ఆరోగ్యశాఖ బ్రీఫింగుల్లోనే తబ్లిగీ జమాత్ కేసుల లెక్క విడిగా చెప్పేవారు కాబట్టి, డెస్క్‌కు అది తప్పుగా తోచలేదు. జిల్లాకు తిరిగొచ్చినవాళ్ల గురించి రాసిన కాపీల్లో ‘నక్కి ఉన్నారు’, ‘గుట్టుగా తిరుగుతున్నారు’, ‘జల్లెడ పడుతున్నారు’ అన్న మాటలున్నాయి. అదే నెల కాపీల్లో, అంతకుముందు అమెరికా నుంచి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు ‘హోమ్ క్వారంటైన్‌లో ఉన్నారు’. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఒకరు ఉన్నారు, ఇంకొకరు నక్కారు. అప్పట్లో మసీదు కమిటీ పెద్దలు వచ్చి వినతిపత్రం ఇచ్చారు. అది ఫైల్లోకి పోయింది.

సమస్య

ఆ తర్వాత కొన్నాళ్లకు మార్కెట్ సెంటర్‌లో ఒక గొడవ జరిగింది. దాని మీద వచ్చిన వార్తతో మళ్లీ ఫిర్యాదు వచ్చింది. ఈసారి పాత కటింగులన్నీ జతచేసి, నేరుగా హెడ్డాఫీసుకు పంపారు. యాజమాన్యం నన్ను పిలిచింది. వాళ్లడిగింది తేలికైన పని: ‘ఏ మాటలు వాడకూడదో ఒక జాబితా ఇవ్వండి.’

ఫిర్యాదుకు మూలమైన కాపీ ఇదీ:

“పట్టణంలోని మార్కెట్ సెంటర్‌లో ఆదివారం రాత్రి ఓ వర్గానికి చెందిన యువకులు రెచ్చిపోయారు. తోపుడు బండి పక్కకు తీయమన్న పాపానికి కిరాణా వ్యాపారిపై మూకుమ్మడిగా దాడికి తెగబడ్డారు. తీవ్రంగా గాయపడిన వ్యాపారిని స్థానికులు ఆస్పత్రికి తరలించారు. ఘర్షణలో బండి యజమానికి కూడా గాయాలైనట్లు సమాచారం. పోలీసులు రంగప్రవేశం చేసి పరిస్థితిని అదుపులోకి తెచ్చారు.”

ఇందులో ‘ముస్లిం’ అన్న మాటే లేదు. డెస్క్ ఇన్‌ఛార్జి వాదన కూడా అదే. “మతం పేరు ఎక్కడ రాశాం సార్? ప్రెస్ కౌన్సిల్ చెప్పినట్టే జాగ్రత్తగా ‘ఓ వర్గం’ అన్నాం కదా!” ఆయన నిజాయితీగానే అడిగారు. ఆ ప్రశ్న విన్నాకే జాబితా ఇస్తే సరిపోయే పని కాదని నాకు అర్థమైంది.

కాపీని విప్పి చూస్తే

ఎఫ్ఐఆర్‌లు, ఆస్పత్రి రికార్డు, పోలీసుల ప్రెస్ నోట్ తెప్పించి కాపీ పక్కన పెట్టాను. గొడవలో బండి వైపు ముగ్గురు: బండి అతను, అతని తమ్ముడు, పక్క బండి కుర్రాడు. షాపు వైపూ ముగ్గురే: వ్యాపారి, ఆయన కొడుకు, గుమస్తా. రెండు వైపులా దెబ్బలు తగిలాయి. పోలీసులు రెండు కేసులు కట్టారు. కుట్లు పడింది బండి అతనికే.

ఇప్పుడు కాపీ చూడండి. ముగ్గురు ముగ్గురితో కొట్టుకుంటే ‘మూకుమ్మడి’ ఒక వైపే ఎలా అయింది? ‘రెచ్చిపోయారు’, ‘తెగబడ్డారు’ అన్నవి చేతులు చేసిన పని చెప్పే మాటలు కావు. వాళ్ల బుద్ధి మీద తీర్పు చెప్పే మాటలు. ‘తీయమన్న పాపానికి’ అనగానే వ్యాపారి అమాయకుడైపోయాడు. అసలు ఎలా తీయమన్నాడన్నది కదా మొదటి ఎఫ్ఐఆర్‌లో గొడవంతా!

‘స్థానికులు’ అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగాం. బండి అతని తాత ఆ సెంటర్లోనే సోడాలు అమ్మాడు. వ్యాపారి పదేళ్ల క్రితం వేరే ఊరి నుంచి వచ్చి షాపు పెట్టాడు. అయినా వార్తలో బండి అతను ‘ఓ వర్గం’, వ్యాపారిని మోసుకెళ్లినవాళ్లు ‘స్థానికులు’. వాళ్లలో ఒకరు ముస్లిం ఆటోడ్రైవర్ అని తర్వాత తేలింది.

ఇక ‘సమాచారం’. తెలుగు విలేకరి కళ్లతో చూసినదాన్ని ‘అయింది’ అంటాడు, చెప్పగా విన్నదాన్ని ‘అయినట్లు సమాచారం’ అంటాడు. వ్యాపారి దెబ్బ నిజం, బండి అతని దెబ్బ వినికిడి. ఇద్దరూ చేరింది ఒకే ఆస్పత్రిలో, ఒకే వార్డులో. కంట్రిబ్యూటర్ ఒక మంచం దగ్గరికి వెళ్లి రెండో మంచం దగ్గరికి వెళ్లలేదు. ‘కూడా’ అన్న ఒక్క మాటతో ఆ రెండో మంచం పని అయిపోయింది.

కంట్రిబ్యూటర్‌తో విడిగా మాట్లాడాను. ద్వేషం ఉన్న మనిషిగా అనిపించలేదు. “షాపాయన ఫోన్ చేశాడు సార్, వెళ్లాను. బండాయన నంబరు నా దగ్గర లేదు.” ఉన్న మాట అదే. వార్త ఫోన్ వచ్చిన వైపు నుంచి మొదలైంది. ‘తెగబడ్డారు’ అన్న మాట మాత్రం ఆ ఫోన్లోది కాదు, అది చేతికి అలవాటైన మాట. సంబంధాల వల్ల వచ్చిన మొగ్గు వేరు, అలవాటుగా ఉన్న మొగ్గు వేరు. రెంటికీ మందు ఒకటే అనుకుంటే పని చెడుతుంది. అందుకే వాటిని విడదీశాకే ముందుకు వెళ్లాను.

మతమా, హోదానా?

ఇంకో సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. ఫిర్యాదులో ఒక ఆరోపణ ఉంది: ‘మావాళ్లను డు అని రాస్తారు, మిగతావాళ్లను రు అని రాస్తారు.’ తెలుగులో క్రియ చివరే గౌరవం కూర్చుంటుంది కనుక, ఇది చూడాల్సిన విషయమే.

ఎడిషన్ పాత పేజీలు తిరగేశాం. సమానులతో సమానులనే పోల్చాలన్నది నా షరతు. బండి అమ్మేవాళ్లను బండి అమ్మేవాళ్లతో, ఆటోడ్రైవర్లను ఆటోడ్రైవర్లతో పోల్చితే తేడా పెద్దగా లేదు. పేదవాడు ఏ మతంవాడైనా ‘చెప్పాడు’, ‘వాపోయాడు’. అది మన పత్రికల పాత జబ్బు. అయితే మెట్టు ఎక్కుతున్నకొద్దీ తేడా బయటపడింది. పూజారి ‘తెలిపారు’, పాస్టర్ ‘తెలిపారు’, ఇమామ్ చాలాచోట్ల ‘తెలిపాడు’. రిటైర్డ్ హెడ్మాస్టర్ ఫిర్యాదు చేస్తే మామూలుగా ‘ఫిర్యాదు చేశారు’, ఆయన పేరు ముస్లిం పేరైతే ఒక్కోసారి ‘చేశాడు’. హోదా పెరిగితే రావాల్సిన గౌరవం అక్కడ ఆగిపోతోంది.

ఇలా విడదీసి చెప్పడం వల్ల ఒక మేలు జరిగింది. ఆరోపణలో సగం మతానికి చెందింది కాదని నేనే ఒప్పుకున్నాను కాబట్టి, మిగతా సగాన్ని డెస్క్ తోసిపుచ్చలేకపోయింది.

పండుగ పేజీది ఇంకో తీరు. అక్కడ అందరూ ‘ముస్లిం సోదరులు’. భక్తిశ్రద్ధలతో రంజాన్ జరుపుకొంటారు, ఒకరినొకరు ఆలింగనం చేసుకుంటారు. దసరాకి ‘హిందూ సోదరులు’ అని ఎవరైనా రాశారా? ‘భక్తులు’, ‘పట్టణవాసులు’ అని రాస్తారు. వినాయక మండపానికి ముస్లిం వ్యాపారి చందా ఇస్తే ‘మతసామరస్యానికి ప్రతీక’ అని బాక్స్ ఐటమ్. మంచి ఉద్దేశంతో రాసిందే కావచ్చు. కానీ ఆ పేజీలో ముస్లిం పండుగనాడు సోదరుడు, గొడవనాడు ఓ వర్గం. కరెంటు కోత మీద, స్కూలు ఫీజుల మీద, ధాన్యం ధర మీద మాట్లాడే మామూలు పౌరుడిగా మాత్రం ఎక్కడా కనిపించడు.

ఫలించనివి

యాజమాన్యం పట్టుబట్టింది కాబట్టి ముందు నిషిద్ధ పదాల జాబితా పెట్టాం. రెండు వారాలు తిరక్కుండానే ఏమైందో చూడండి. ‘ఓ వర్గం’ వద్దంటే ‘ఫలానా వీధికి చెందిన యువకులు’ వచ్చింది. ఆ వీధి ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. హైదరాబాద్ పేజీల్లో ‘పాతబస్తీ’ అన్న మాట చేసే పనే ఇది. ‘దాడికి తెగబడ్డారు’ వద్దంటే ‘వీరంగం సృష్టించారు’ వచ్చింది. మాట మారింది, వాక్యంలో ఎవరి చోటు వాళ్లదే. జాబితా వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. దాన్ని పాటించినవాళ్లు తాము పక్షపాతం లేనివాళ్లమని గట్టిగా నమ్మసాగారు.

తర్వాత ఒక పూట క్లాసు. చరిత్ర, రాజ్యాంగం, ప్రెస్ కౌన్సిల్ నియమావళి. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒక సీనియర్ లేచి, “మాకు ముస్లిం స్నేహితులు లేరా సార్? చిన్నప్పుడు వాళ్లింట్లో సేమ్యా తిని పెరిగినవాళ్లం” అన్నారు. నిజమే. కానీ మనసు మంచిదా కాదా అన్న చర్చలోకి దిగితే కాపీ మీద చర్చ ఆగిపోతుంది. ఆ తర్వాత ‘పక్షపాతం’ అన్న మాటే వాడలేదు. వాక్యం గురించే మాట్లాడాను.

మూడోది పేర్లు మార్చి చదివే ఆట. కాపీలో రెండు వైపులా పేర్లు తారుమారు చేసి, ఇప్పుడూ ఇలాగే రాస్తారా అని అడగడం. కుర్ర సబ్ ఎడిటర్లకు ఇది బాగా ఎక్కింది. ‘తీయమన్న పాపానికి’ అన్నది తారుమారు కాపీలో చదివి ఒకమ్మాయి నవ్వేసింది, ఎంత ఎబ్బెట్టుగా ఉందో అప్పుడు తెలిసింది. అయితే రాత్రి పదిన్నరకి, పేజీ వదిలే వేళ, ఈ ఆట ఆడే తీరిక ఎవరికీ ఉండదు. పైగా కాపీలో ఉన్నదాన్నే ఇది పరీక్షిస్తుంది. వెళ్లని రెండో మంచాన్ని ఇది చూపించలేదు.

పనిచేసినవి

బాగా పనిచేసిన పద్ధతి చాలా మామూలుది. క్రైమ్ కాపీలో ప్రతి వాక్యం చివర బ్రాకెట్‌లో ‘ఎవరన్నారు’ అని కంట్రిబ్యూటరే రాయాలి. ఎఫ్ఐఆర్, డాక్టర్, వ్యాపారి, బండి అతను, నేను చూశాను. డెస్క్ చదివాక బ్రాకెట్లు తీసేస్తుంది. ‘రెచ్చిపోయారు (ఎవరన్నారు?)’ దగ్గర కంట్రిబ్యూటర్ ఆగిపోతాడు. ఎవరూ అనలేదు మరి. అలాంటి వాక్యాలు వాటంతటవే రాలిపోయాయి. బ్రాకెట్లన్నీ ‘వ్యాపారి, వ్యాపారి, వ్యాపారి’ అని వస్తే, రెండో వైపు ఫోన్ చెయ్యమని డెస్క్ తిరిగి పంపేది. మనసు గురించి అడగకుండా మూలం గురించి అడిగాం కాబట్టి ఎవరికీ ముఖం చిన్నబోలేదు. ఇది ముస్లింల కోసం పెట్టిన నియమం కాదు, అన్ని క్రైమ్ వార్తలకూ ఇదే. అలా పెట్టకపోతే నిలిచేది కాదు.

మార్కెట్ కాపీని అదే పద్ధతిలో కంట్రిబ్యూటర్‌తోనే తిరగరాయించాం: “మార్కెట్ సెంటర్‌లో తోపుడు బండి నిలిపే చోటు విషయమై ఆదివారం రాత్రి కిరాణా వ్యాపారికి, పండ్ల వ్యాపారికి గొడవ జరిగింది. చెరో ఇద్దరు తోడు రాగా కర్రలతో కొట్టుకున్నారు. ఇద్దరు వ్యాపారులూ ప్రభుత్వాస్పత్రిలో చికిత్స పొందుతున్నారు. పండ్ల వ్యాపారి తలకు కుట్లు పడ్డాయని డ్యూటీ డాక్టర్ తెలిపారు. పరస్పర ఫిర్యాదులపై పోలీసులు రెండు కేసులు నమోదు చేశారు.” మొదటిదాని కన్నా పొడవు పెద్దగా పెరగలేదు. ‘చప్పగా ఉంది’ అన్నారు కొందరు. నిజమే, గొడవ కూడా చప్పటిదే.

మతం ఎప్పుడు రాయాలన్న దానిమీద చాలా తర్జనభర్జన జరిగింది. మతం తీసేస్తే వార్త అర్థం కాకుండా పోతుందా? పోతే రాయాలి, పోకపోతే వద్దు. వినడానికి తేలికే. కానీ మొదటి పరీక్షలోనే డెస్క్ మతం అసలే రాయని వైపుకు ఒరిగింది. ఒక ముస్లిం నర్సుకు అద్దె ఇల్లు దొరకడం లేదు. ఇల్లు చూపించి, అడ్వాన్స్ మాట్లాడుకుని, పేరు చెప్పగానే ‘మా ఆవిడ ఒప్పుకోవట్లేదమ్మా’ అంటున్నారు. కాపీ ఇలా వచ్చింది: ‘అద్దె ఇల్లు దొరక్క ఉద్యోగిని ఇబ్బందులు.’ పట్టణంలో ఇళ్ల కొరత మీద వార్తలా తయారైంది. ఏ కారణంతో తలుపు మూశారో ఆ కారణాన్నే ‘సంయమనం’ పేరుతో తీసేశారు. మతం చూసి కొట్టినప్పుడు, మతం చూసి వద్దన్నప్పుడు ఆ మాట రాయకపోతే బాధితురాలి నోరు నొక్కినట్టే. ఆ కాపీని మార్చి, ఆమె ఒప్పుకున్నంత మేరకు, ఆమె చెప్పిన మాటల్లోనే వేశారు.

డెస్క్‌లో ఒక ముస్లిం సబ్ ఎడిటర్ ఉన్నాడు. అందరూ ఒకరినొకరు ‘అన్నా’ అని పిలుచుకుంటారు, అతన్ని మాత్రం ‘భాయ్’ అంటారు. వక్ఫ్ బోర్డు వార్త వచ్చినా, ఉర్దూ ప్రెస్ నోట్ వచ్చినా అతని టేబుల్ మీదికే. “నాకు ఉర్దూ రాదు సార్. మాది దూదేకుల ఇల్లు, మా నాయనమ్మకూ తెలుగే” అన్నాడు నవ్వుతూ. భాయ్ అని పిలవడం ఇబ్బందిగా ఉందా అని అడిగితే, “పిలుపుకేముంది సార్, రంజాన్ పేజీ ప్రతి ఏడూ నాకే ఎందుకిస్తారు, వ్యవసాయం పేజీ ఒక్కసారైనా ఎందుకివ్వరు, అదడగండి” అన్నాడు. అడిగాను. ఇచ్చారు. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ‘మీవాళ్లేమంటారు’ అని అతన్నే అడగడం కూడా మానిపించాం. మసీదు కమిటీ నంబర్లు కంట్రిబ్యూటర్లందరి ఫోన్లలోకీ ఎక్కాయి.

సగంలో ఆగినవి

అరెస్టు వార్తలు రాసినప్పుడు ఆ కేసు ఏమైందో చివరిదాకా వెంటాడాలని ఒక రిజిస్టర్ పెట్టించాను. దీని అవసరం తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వాళ్లలో కేసులు ఎదుర్కొన్నవాళ్లు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే, ఆ నిర్ణయం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు తర్వాత వేరే దారి పట్టి హిందుత్వ కార్యకర్తలను నిందితులుగా చేర్చింది. 2018 ఏప్రిల్‌లో వాళ్లలో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. మర్కజ్ విషయమూ అంతే. విదేశీ తబ్లిగీ సభ్యులను బలిపశువులను చేశారంటూ 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఎఫ్ఐఆర్‌లు కొట్టేసింది. మీడియా ప్రచారాన్ని కూడా తప్పుబట్టింది. విదేశీయులకు ఆశ్రయమిచ్చారని ఢిల్లీలో 70 మంది భారతీయులపై పెట్టిన 16 కేసులు 2025 జూలైలో హైకోర్టులో వీగిపోయాయి. ఈ ఎడిషన్‌లో 2020 ఏప్రిల్ మర్కజ్ వార్తలు మొదటి పేజీలో ఉన్నాయి. ఆగస్టు తీర్పు లోపలి పేజీలో సింగిల్ కాలమ్.

మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో అన్నది అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ. లాయరు కాకముందు ఆయన కూడా కొంతకాలం తెలుగు పత్రికలో పనిచేసినవారే. డెస్క్‌లో ఈ మాట చెబితే కాసేపు గర్వపడ్డారు, రిజిస్టర్ మాత్రం ముందుకు సాగలేదు. దాన్ని రాస్తున్న సబ్ ఎడిటర్‌కు వేరే ఎడిషన్‌కు బదిలీ అయింది. కోర్టు వాయిదాలు కనుక్కోవడం లైన్ అకౌంట్‌లో ఎవరికీ పైసా తెచ్చే పని కాదు. తీర్పు వార్తకు కూడా అరెస్టు వార్తంత డబ్బు కట్టిస్తే తప్ప ఇది నిలవదని యాజమాన్యానికి రాసిచ్చాను. జవాబు రాలేదు.

‘ముస్లిం సోదరులు’ ఇంకా ఉన్నారు. దాని మీద నేను గట్టిగా పట్టుబట్టలేదు. పాఠకుల్లో చాలామందికి అది ఆప్యాయంగానే వినిపిస్తుంది. మసీదు కమిటీ పెద్దలు కూడా దాన్ని ఫిర్యాదులో చేర్చలేదు. ఇమామ్ మాత్రం ఇప్పుడు ‘తెలిపారు’.

ఇక హెడ్డింగులు. కాపీ బాగుపడినంతగా హెడ్డింగులు బాగుపడలేదు. హెడ్డింగు రాసేది ఎడిషన్ ఇన్‌ఛార్జి, బ్రాకెట్లు తీసేశాక చూస్తాడు. చివరి రోజుల్లో ఆయనకు బ్రాకెట్లతోనే కాపీ పంపే ఏర్పాటు చేశాం, కొంత తేడా కనిపించింది. వీడియో థంబ్‌నెయిల్స్ రాసేది హైదరాబాద్‌లో ఉన్న డిజిటల్ టీమ్. మార్కెట్ గొడవ తిరగరాసిన కాపీకి వాళ్లు పెట్టిన శీర్షిక ‘మార్కెట్లో రెచ్చిపోయిన గ్యాంగ్’. వాళ్లతో కూర్చుంటానని యాజమాన్యాన్ని అడిగాను. అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు.

ఇలాంటి పనికి వెళ్లే శిక్షకులు మొదటి రోజే పోలీసుల ప్రెస్ నోట్‌నూ, అచ్చయిన కాపీనీ పక్కపక్కన పెట్టుకోండి. ఏ మాట పోలీసులది, ఏ మాట ఫోన్ చేసినవాడిది, ఏ మాట డెస్క్‌ది అన్నది మూడు రంగుల్లో గీయండి. ఈ ఎడిషన్‌లో ‘తెగబడ్డారు’ పోలీసులది కాదు, వ్యాపారిదీ కాదు. ప్రెస్ నోట్‌లో ఉన్నది ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ’. రెండు వర్గాల్లో ఒక వర్గాన్ని తీసేసింది డెస్కే.